రంగూన్ నుంచి ఐదు గంటలు

మా ఇంట్లో దూరాన్ని మైళ్లతో కొలిచేవారు కాదు, చీపురుతో కొలిచేవారు. మనిషి ప్రయాణమై గడప దాటాక ఎంతసేపు చీపురు ముట్టకూడదో అదే ఆ ఊరి దూరం. నేలమీద వెళ్లేవాళ్లకి పెద్ద పట్టింపు లేదు. బండి వీధి మలుపు తిరిగితే చాలు. రైలెక్కినవాళ్లకీ అంతే. సముద్రం దాటి రంగూన్ వెళ్లే మనిషికి మాత్రం నాలుగు రోజులు. గోపాల్‌పూర్‌లో స్టీమరెక్కిన మనిషి రంగూన్ రేవులో దిగడానికి నాలుగు రోజులు పడుతుందని మా మామ్మ, అంటే నాన్న తల్లి, కాపరానికి వచ్చిననాటి నుంచీ పాటిస్తూ వచ్చిన లెక్క. ఆ నాలుగు రోజులూ ఇల్లు ఊడవకూడదు, ఇంటి ఆడవాళ్లు నూనె పెట్టి తలంటుకోకూడదు. తిరిగి వచ్చేటప్పుడూ అదే పట్టింపు.

ఎందుకంటే శవం లేచాక ఇంట్లో చేసే పనులు అవే. ఇల్లు ఊడ్చి కడుగుతారు, తలమీంచి నీళ్లు పోసుకుంటారు. బతికున్న మనిషి వెనకాల అవే పనులు చేస్తే ఆ మనిషిని ఎక్కడికి సాగనంపినట్టు? మామ్మ ఈ ప్రశ్న అడిగి ఊరుకునేది. జవాబు చెప్పేది కాదు. చెప్పనక్కర్లేదు కూడా.

ఇదంతా చాదస్తం అనేవాళ్లని ఇప్పుడు నేనేమీ అనను. పన్నెండేళ్ల వయసులో, భూగోళం పుస్తకం చంకన పెట్టుకుని, నేనూ అన్నాను. ఆ వయసులోనే నేను కట్టిన ఒక లెక్క మా అక్క బతుకుని తినేసింది. తప్పు లెక్క అయితే తప్పు చేశానని ఏడ్చి ఊరుకుందును. లెక్క తప్పు కాదు. అదే నా కడుపుమంట.

బరంపురం బడా బజార్‌లో మాది పట్టుచీరల దుకాణం. కింద కొట్టు, వెనకా పైనా ఇల్లు. అమ్మ నా చిన్నప్పుడే పోయింది. మామ్మే మా ఇద్దర్నీ పెంచింది. మేము కొత్త ఒరిస్సాలో పడి అప్పటికి కొన్నేళ్లే అయింది. అంతకుముందు మాది మద్రాసు రాజ్యం, కచేరీ కాగితాలన్నీ మద్రాసు వెళ్లేవి. తెల్లారేసరికి అవి కటకం వెళ్లాలన్నారు. నాన్నకి అది మింగుడు పడలేదు గానీ పైకి వేళాకోళం చేసేవాడు.

"అంగుళం కదలకండా మద్రాసు నుంచి కటకం వొచ్చీసినాం. ఇంత సులువు పెయాణం ఎవుడు సేసుంటాడు?" అనేవాడు.

"అయితే ఇల్లూడవొచ్చా, కూడదా?" అనేది మామ్మ.

బళ్లో భూగోళం పటం మీద కొత్త సరిహద్దు కోసం కాగితం ముక్క అంటించారు. నా దగ్గర మాత్రం పాత అట్లాసు ఉండేది. అందులో మా ఊరు ఇంకా మద్రాసు రంగులోనే ఉండేది. పెన్సిలుతో నేనే కొత్త గీత గీసి మా ఊరిని ఒరిస్సాలో కలిపేశాను. ఆ గీత గీసినప్పటి నుంచీ నాకు కొంచెం తలకెక్కింది. రాజ్యాలు కలిపే మనిషికి మామ్మ చీపురు ఏపాటి?

అక్క నాకంటే ఆరేళ్లు పెద్ద. బావకి తల్లీదండ్రీ లేరు. రంగూన్‌లో మేనమామ బట్టల కొట్లో పనిచేసేవాడు. మా దుకాణం పట్టుచీరలే అక్కడి తెలుగువాళ్లకి అమ్మేవాడు. ఏడాదికో ఏడాదిన్నరకో ఒకసారి వచ్చి రెండు నెలలుండి వెళ్లేవాడు. అక్కడ ఆడదిక్కు లేని ఇల్లని అక్కని మా దగ్గరే ఉంచాడు. "ఈసారి వొచ్చినప్పుడు తీసుకెళ్లిపోతాను" అని ప్రతిసారీ చెప్పేవాడు. ఆ మాటకి అక్క ప్రతిసారీ పెట్టె సర్దుకునేది. పక్కింటావిడ ఆ పెట్టెని చూసి, "నీ పెట్టి నీకంటే ముందే రంగూనెల్లిపోద్దే" అని ఉడికించేది.

అతను స్టీమరెక్కిన ప్రతిసారీ ఇంట్లో నాలుగు రోజుల దుమ్ము. మూడోనాటికి పాదాల కింద ఇసక కిరకిరమనేది. నాలుగో రోజు సాయంత్రం మామ్మ వీధి అరుగు మీద కూర్చుని తూర్పువైపు ఒకసారి చూసి, "దిగుంటాడు" అనేది. అంతే. ఆ మాటతో లేచి తనే చీపురు తీసేది. బావ క్షేమంగా చేరినట్టు ఉత్తరం ఏ మూడు వారాలకో వచ్చేది. కానీ మాకు అతను మామ్మ "దిగుంటాడు" అన్నప్పుడే దిగేవాడు.

రంగూన్ మీద బాంబులు పడ్డాయని పేపర్లో వచ్చిన ఆ శీతాకాలం, బావ ఉత్తరం కోసం అక్క రోజుకి పదిసార్లు కొట్లోకి వచ్చి నిలబడేది. ఆడపిల్ల కొట్లోకి రాకూడదని నాన్న అనడం మానేశాడు. మాఘమాసంలో ఒక మంగళవారం టపా బంట్రోతు వీధి చివర్నుంచే "చిఠీ ఆసిలా, చిఠీ ఆసిలా!" అని, ఉత్తరం వచ్చిందని ఒడియాలో అరుచుకుంటూ వచ్చాడు. బజారంతటికీ తెలుసు మేము దేనికోసం చూస్తున్నామో.

అది విమానం టపాలో వచ్చిన ఉత్తరం. స్టీమర్లలో కాలు పెట్టే చోటు లేదని, మేనమామ ఎవరినో పట్టుకుని తనకి విమానంలో చోటు ఇప్పించాడని బావ రాశాడు. గురువారం పొద్దున్న ఎనిమిదింటికి ఎక్కుతాడు. విమానం గంటకి నూటయాభై మైళ్లు పోతుందట. మధ్యలో అక్యాబులో పెట్రోలు పోసుకుంటుందట. కలకత్తాలో దిగి సాయంత్రం మెయిలు పట్టుకుంటే శుక్రవారం పొద్దున్నకి బరంపురంలో ఉంటాడు. కింద చిన్న అక్షరాలతో, "సముద్రం పైనుంచి వస్తున్నాను, మామ్మకి చెప్పండి" అని రాశాడు. అది చదివి నాన్న చాలా రోజుల తరవాత నవ్వాడు.

మామ్మ నవ్వలేదు. "ఇమానానికి ఎన్ని రోజులే?" అని నన్ను అడిగింది.

మామ్మ నన్ను ఒకటి అడగడం అదే మొదలు. స్టీమరు లెక్క ఆవిడకి అత్తగారు అప్పగించింది. విమానం లెక్క అప్పగించే అత్తగారు ఎవరికీ లేదు. నేను అట్లాసు పరిచి, కొట్లోంచి పట్టుదారం పోగు ఒకటి తెచ్చి, రంగూన్ మీద ఒక కొస, కలకత్తా మీద ఒక కొస, మధ్యలో అక్యాబు మీద వేలు పెట్టి కొలిచాను. ఆ పోగుని కింద స్కేలు మీద వేశాను. ఆరువందల యాభై మైళ్లకి అటూ ఇటూ. నాలుగు గంటల ఇరవై నిమిషాలు. పెట్రోలుకి నలభై నిమిషాలు. ఐదు గంటలు.

"రోజులు కాదు మామ్మా, గంటలు. ఐదు గంటలు" అన్నాను.

"నోరు ముయ్యి. నాలుగు రోజుల దూరం ఐదు గంటలెలాగవుద్ది?"

"నువ్వు సీపురుతో కొలుస్తావు, నాను దారంతో కొలిసినాను" అన్నాను. నాన్న కూడా నా లెక్క సరిచూసి సరేనన్నాడు. ఇంకో గొప్ప కూడా చేశాను. రంగూన్‌లో పొద్దు మనకంటే ముందు పొడుస్తుంది కాబట్టి అక్కడ ఎనిమిదంటే మన గడియారంలో దాదాపు ఏడని, అక్కణ్నుంచి ఐదు గంటలు కడితే సరిగ్గా మన మధ్యాహ్నం పన్నెండుకి బావ కలకత్తాలో నేలమీద ఉంటాడని చెప్పాను. ఆ వయసులో అంత తెలివి ఎవరికీ అక్కర్లేదు. నాకు ఉండింది.

గురువారం పొద్దున్న ఏడింటికి మామ్మ చీపురు తీసి తలుపు వెనకాల దాచేసింది. అక్క గోడగడియారం కింద పీట వేసుకుని కూర్చుంది. పూలు కట్టింది, విప్పింది, మళ్లీ కట్టింది. పది గంటలకి, "ఇప్పుడెక్కడుంటారే?" అంది. నేను దారం చూసి, "అక్యాబు దాటీసినాడు" అన్నాను. అలా అడిగినప్పుడల్లా బావని దారం మీద కొంచెం కొంచెం జరుపుతూ పన్నెండింటికి కలకత్తా చేర్చేశాను.

అక్కకి తలంటుకోవాలని ఉంది. మర్నాడు పొద్దున్నే మెయిలు వస్తుంది. మోకాళ్ల దాకా జుట్టు, చలికాలం, తెల్లారగట్ల పోసుకుంటే ఆరదు. తడిజుట్టుతో స్టేషనుకి ఎలా వెళ్తుంది? ఏడాది దాటింది మొగుణ్ని చూసి. మామ్మ ఒప్పుకోలేదు.

"ఆగవే. గుమ్మంలోకి రానీ. కలకత్తా మన గుమ్మమా?"

ఇక్కడ నేను ఊరుకుని ఉండొచ్చు. నేను ఊరుకోలేదు. రైలు ప్రయాణానికి మన ఇంట్లో ఎప్పుడూ పట్టింపు లేదు కదా అన్నాను. పట్టింపు సముద్రానికి, సముద్రం దాటడం అయిపోయింది కదా అన్నాను. మామ్మ సొంత శాస్త్రాన్నే మామ్మ మీదికి తిప్పాను. ఆవిడ గడియారం వైపు చూసింది, నావైపు చూసింది. ఆవిడ తన మాట అనదని అర్థమై, ఆ మాట నేనే అన్నాను.

"దిగుంటాడు" అన్నాను.

నేనే నీళ్లు కాచాను. అక్క తలకి నేనే నూనె రాశాను. కుంకుడుకాయ రసం కళ్లలో పడిందని అక్క అరుస్తుంటే నవ్వాను. అప్పుడు గడియారం ఒంటిగంట కొట్టింది. సాంబ్రాణి పొగ మీద జుట్టు ఆరబెట్టుకుంటూ అక్క ఏదో పాట కూనిరాగం తీసింది. నేను తలుపు వెనకాల నుంచి చీపురు తీసి ఇల్లంతా నాలుగు మూలలా ఊడ్చాను. ఎవరూ చెప్పకుండా ఇల్లు ఊడవడం నా జన్మలో అదే మొదటిసారి.

శుక్రవారం మెయిల్లో బావ రాలేదు. రైలు తప్పిపోయిందేమో అన్నాడు నాన్న. శనివారం రాలేదు. నాన్న కలకత్తాలో మాకు సరుకు పంపే వర్తకుడికి తంతి కొట్టాడు. గురువారం విమానం వచ్చింది, అందులో మీ మనిషి లేడు అని జవాబు వచ్చింది. ఆ తంతి కాగితాన్ని నాన్న జేబులోనే పెట్టుకుని తిరిగాడు, అక్కకి రెండు రోజులు చూపించలేదు.

స్టీమరైతే ఆలస్యానికి చోటు ఉండేది. గాలి తిరిగింది, రేవులో ఆపేశారు, మధ్యలో ఇంకో ఊరు తిరిగింది అనుకుంటూ పది రోజులు గడిపేవాళ్లం. నాలుగు రోజుల దారిలో మనిషి వారం రోజులు కనబడకపోయినా బతికే ఉంటాడు. ఐదు గంటల దారిలో మనిషి ఐదు రోజులు ఎక్కడుంటాడు? నా లెక్క అక్కకి ఆశ పెట్టుకునే జాగా కూడా మిగల్చలేదు. కొన్నాళ్లకి రంగూన్ జపానువాళ్ల చేతికి పోయిందని తెలిసింది.

మామ్మ నన్ను తిట్టింది. తిట్టకపోతే నేను చచ్చిపోదును. "నీ దారం తగలెయ్య, నీ మదించిన లెక్కలు తగలెయ్య! గుమ్మంలోకి రానీమన్నానా లేదా?" అని రోజూ తిట్టేది. అక్క ఒక్క మాట అనలేదు. నూనె ముట్టడం మానేసింది, అంతే. మైల తీరడానికి తలమీద పోసుకునే వట్టి నీళ్లు తప్ప ఆ జుట్టుకి ఇంకేమీ తగల్లేదు. ఒకసారి తెంపిన పట్టింపు మళ్లీ పట్టొచ్చో లేదో మామ్మకీ తెలీదు.

ఎండలు ముదిరాక విశాఖపట్నం మీద బాంబులు పడ్డాయి. అండమాన్లు కూడా జపానువాళ్లే పట్టుకున్నారు, తరవాత మనమే అన్నారు. బడా బజార్ సగం ఖాళీ అయింది, జనం బళ్లు కట్టుకుని కొండలవైపు వెళ్లిపోయారు. నాన్న ఒకరోజు అట్లాసు తెచ్చి నా ముందు పెట్టి, "అండమాను నుంచి ఇమానం మన ఊరికి ఎంతసేపట్లో వొస్తాదో సూడమ్మా" అన్నాడు. నేను అట్లాసు విసిరేశాను. దాని అట్ట ఊడిపోయింది. నాన్న కోప్పడకుండా వంగి ఆ కాగితాలు ఏరుకున్నాడు. ఇప్పటికీ నాకు ఆ వంగిన వీపు కనబడుతుంది, సిగ్గేస్తుంది.

మేము ఊరు వదల్లేదు. అక్క కదలనంది. "ఆయన వొచ్చేసరికి తలుపుకి తాళం ఉంటే ఎక్కడికెల్తారు?" అంది.

జ్యేష్ఠమాసంలో ఒక పొద్దున్న వెనకవీధి గుమ్మం దగ్గర ఒక ఆడమనిషి వచ్చి నిలబడింది. బజారు చివర ఎండుచేపలు అమ్మే మనిషి, మేము ముక్కు మూసుకుని దాటే వరసలో కూర్చుంటుంది. ఆవేళ తట్ట లేకుండా వచ్చింది. స్నానం చేసి, ఉతికిన చీర కట్టుకుని వచ్చింది.

"అమ్మగోరూ, మాది ఆర్యపల్లి. మా ఇంటాయన రంగూన్లో ఓడల కాడ కూలిపన్లో ఉండీవోడు. నడిసొచ్చినాడు. మీ అల్లుడుగోరూ ఈడూ కలిసే బయల్దేరినారంట. మీకు సెప్పాలంటన్నాడు గానీ కాళ్లనిండా పుళ్లు, మంచం దిగలేడు. మీరే ఓపాలి రావాల" అంది.

అక్క అప్పుడే చెప్పులు లేకుండా వీధిలోకి వెళ్లిపోయింది. నాన్న, నేను వెనకాల పరిగెత్తాం. ఛత్రపురం దాకా రైల్లో, అక్కణ్నుంచి ఇసకదారిలో ఎడ్లబండి మీద వెళ్లాం. ఆవిడ బండి ఎక్కమంటే ఎక్కలేదు, పక్కనే నడిచింది. ఆర్యపల్లిలో ఇళ్లముందు చేపలు ఎండబెట్టి ఉన్నాయి. మామూలు రోజైతే నాన్న ఉత్తరీయం ముక్కుకి అడ్డం పెట్టుకునేవాడు. ఆరోజు ఆ మనిషి నులకమంచం పక్కన, నేలమీద కూర్చున్నాడు.

అతను ఎముకలగూడులా ఉన్నాడు. గొంతు మాత్రం గట్టిగా ఉంది.

"నాను ఆరి పెట్టి మోసుకోని ఇమానాల మైదానం కాడికి ఎల్లినానమ్మా. గేటు కాడ దొరలు, దొరసాన్లు. ఓ దొరసాని కుక్క కూడా ఎక్కింది. అల్లుడుగోర్ని మాత్రం ఎక్కనీనేదు. కాయితం సూపించినారు ఈరు. రేపు రమ్మన్నారు ఆళ్లు. రేపటికి ఊరుంటాదో నేదో, నడిసి పోదాం వొస్తావా అని నన్నడిగినారు. సరేనన్నాను. ఆ గేటు కాణ్నుంచే కాలు తీసినాం."

"ఏ వారం?" అంది అక్క.

"గురువారమేనమ్మా."

"ఏ వేళ?"

"గంటలు నాకేటి తెలుస్తాయమ్మా. పొద్దు నడినెత్తి మీద నుంచి ఓ మూరెడు వాలింది."

ఎవరూ అడగకుండానే నా బుర్ర ఆ మూరెడు పొద్దుని గంటల్లోకి మార్చేసింది. అక్కడి పొద్దుకీ మన పొద్దుకీ ఉన్న తేడా కూడా తీసేసింది. అతను కలకత్తాలో దిగి ఉంటాడని నేను అక్క తలకి నూనె రాస్తున్న వేళకి అటూ ఇటూగా, అతను అసలు ప్రయాణానికి అప్పుడే కాలు బయట పెట్టాడు. మేము చేసింది ప్రయాణం ముగిశాక చేసే తలంటు కాదు. మనిషి గడప దాటగానే, వెనకాలే చేసిన తలంటు. వెనకాలే ఊడ్చిన ఇల్లు. అక్కకీ అర్థమైంది. నావైపు చూడలేదు. చూసి నన్ను కొట్టినా బాగుండేది.

"దారిలో ఏటనీవోరు?" అంది.

అతని ముఖం కొంచెం వెలిగింది. "తెగ నవ్వించీవోరమ్మా. కొండలెక్కతన్నప్పుడు, దాహానికి నాలిక పిడసకట్టుకుపోతన్నప్పుడు కూడా. మా ఇంట్లో నానెల్లీదాకా సీపురు కదపరు, దుమ్ము మోకాలెత్తు పేరుకుపోయుంటాది, మా ఆడదాని తల్నో పేలు పడిపోయుంటాయి, తొరగా నడువెహె అనీవోరు. రోజూ అదే మాట."

అక్క నవ్వింది. నిజంగానే నవ్వింది. నవ్వుతూ నవ్వుతూ చీరచెంగు నోట్లో కుక్కుకుంది.

కొండ దిగువ ఒక వాగు దగ్గర బావకి విరేచనాలు పట్టుకున్నాయట. దారిపొడుగునా అలా పడిపోయినవాళ్లేనట. ఇతను రెండు రోజులు పక్కన ఉన్నాడట. మూడో రోజు బావే అతన్ని వెళ్లమన్నాడట. ఇక్కడికి వచ్చేసరికి అతని గొంతు సన్నబడిపోయింది.

"నువ్వెల్లిపో, నాను ఎనకాలొస్తాను, వొస్తన్నానని బరంపురంలో సెప్పు అన్నారమ్మా. ముంతతో నీళ్లెట్టీసి ఒగ్గీసొచ్చినాను. నానొచ్చినప్పుడు బతికే ఉన్నారు. మా తల్లి మీదొట్టు, బతికే ఉన్నారు."

నాన్న తలవంచుకున్నాడు. ఆ మాటకి అర్థం ఆయనకి తెలుసు. అక్క మాత్రం ఆ మనిషి పక్కన నిలబడ్డ భార్య వైపు తిరిగింది. ఆవిడ జుట్టు నూనెతో నిగనిగలాడుతోంది, ముడిలో రెండు పూలు కూడా ఉన్నాయి.

"నువ్వు తలంటుకోడానికి ఎన్ని రోజులాగినావు?" అంది.

"రోజులేటమ్మా?" అందావిడ, నిజంగా అర్థం కాక. "రెండేళ్ల మీద నాలుగు నెలలు నూనె ముట్టనేదు, ఈడొచ్చినాకే రాసినాను. ఏటకెల్లినా, రంగూనెల్లినా మగోడు మన ఇసక మీద కాలెట్టీదాకా ఆడదాని తలకి నూనేటి? దానికి లెక్కేటి?"

దానికి లెక్కేమిటి. మావి వ్యాపారస్తుల బుర్రలు, దేవుడికి కూడా గడువు పెడతాం. నాలుగు రోజులని మామ్మ అత్తగారు గడువు పెట్టింది. నేను దాన్ని ఐదు గంటలకి బేరమాడాను. సముద్రం పక్కన బతికేవాళ్లు ఆ బేరానికే పోలేదు.

తిరుగు ప్రయాణంలో బండి ఛత్రపురం దాకా వచ్చాక నేను ఆపుకోలేకపోయాను. "అక్కా, నానే సేసినాను. నాను లెక్క కట్టకపోతే..." అని ఏడ్చాను.

అక్క నా నోటికి చెయ్యి అడ్డం పెట్టింది. "ఆయన నడిసొస్తన్నారు" అంది. "నడకకి ఎన్నాళ్లో నువ్వు లెక్క కట్టకు. నాకదొక్కటీ సాలు."

ఆ తరవాత ఆ విషయం మా మధ్య ఎప్పుడూ రాలేదు. అక్క బొట్టు తీయలేదు, గాజులు తీయలేదు, తలకి నూనె పెట్టలేదు. ఇల్లు ఊడ్చేది, వంట చేసేది, కొట్లో చీరలు మడతపెట్టేది. నాన్న పురోహితుణ్ని అడిగితే, జాడ తెలియని మనిషికి పన్నెండేళ్లు చూడాలి, ఆపైన కర్మ జరిపించొచ్చు అన్నాడు. మామ్మ ఆ పన్నెండేళ్లూ చూడకుండానే పోయింది. పోయేముందు నన్ను పిలిచి, "ఆవేళ నాను గట్టిగా అనుంటే నువ్వు ఇనీదానివేనే" అంది. తప్పు తనమీద వేసుకుని పోయింది. నేను మాత్రం ఆ తప్పుని ఆవిడకి వదిలెయ్యలేక నాలోనే దాచుకున్నాను.

పన్నెండేళ్లు నిండాక నాన్న కర్మ మాట ఎత్తాడు. "ఆ పన్నెండు ఎవరు కట్టిన లెక్క?" అంది అక్క. నాన్న మళ్లీ ఎత్తలేదు. వీధిలో మాత్రం ఎవరి మాట వాళ్లు అనేవారు. పేరంటాలకి పిలవాలా వద్దా అని తర్జనభర్జన పడేవారు. కొందరు పిలిచేవారు, కొందరు మరిచిపోయినట్టు నటించేవారు. పిలిచిన ఇంటికీ పిలవని ఇంటికీ అక్క ఒక్కలాగే నవ్వుతూ చీరలు చూపించేది.

నాకు ఊళ్లోనే, రెండు వీధుల అవతల ఇచ్చారు. మా ఆయన వ్యాపారం మీద మద్రాసూ కలకత్తా తిరిగేవాడు, తరవాత తరవాత విమానాల్లో కూడా. "ఇన్నింటికి బయల్దేరి ఇన్నింటికి చేరతాను" అని చెప్పబోతే చెవులు మూసుకునేదాన్ని. వచ్చాక చెప్పు అనేదాన్ని. నాకు పిచ్చి అనేవాడు. ఎండుచేపలావిడ ఏడాదికోసారి వెనక గుమ్మం దగ్గరికి వచ్చి అక్కతో కాసేపు కూర్చుని వెళ్లేది. ఇద్దరూ ఏం మాట్లాడుకునేవాళ్లో నన్ను ఎప్పుడూ చేరనివ్వలేదు. ఆవిడ వెళ్లేటప్పుడు మాత్రం అక్క జుట్టుని ఒకసారి చేత్తో నిమిరేది.

అక్క అరవై దాటాక ఒక చలికాలం పోయింది. నాలుగు రోజులు జ్వరం, అంతే. శవానికి స్నానం చేయించే వేళ ఆడవాళ్లకి పేచీ వచ్చింది. పసుపూ బొట్టూ పెట్టి పుణ్యస్త్రీలా పంపాలా, కూడదా? మొగుడు పోయినట్టే కదా అని ఒకావిడ. పోయినట్టు ఎవరు చూశారు అని ఇంకొకావిడ. నేను ఎవరినీ అడగలేదు. పసుపు రాశాను, బొట్టు పెట్టాను. అలమారులోంచి నూనెసీసా తెచ్చి, తెల్లబడి ఉండలు కట్టిన ఆ జుట్టుని ఒడిలో వేసుకుని, పాయలు విడదీసి నూనె రాశాను. ఆ నూనె కుదుళ్లలోకి ఇంకడానికి చాలాసేపు పట్టింది. కుంకుడుకాయ రసం కళ్లలో పడకుండా నుదుటికి చెయ్యి అడ్డం పెట్టాను. కళ్లు మూసే ఉన్నాయి. అయినా పెట్టాను.

పాడె లేచింది. వీధి మలుపు తిరిగింది. వెనక్కి వచ్చేసరికి నా కోడలు బిందెతో నీళ్లు, చీపురు పట్టుకుని గుమ్మంలో ఉంది. ఆ పిల్ల తప్పేమీ లేదు, ఎక్కడైనా చేసేది అదే. ఆ చేతిలోంచి చీపురు తీసుకుని తలుపు వెనకాల పెట్టాను.

"ఊడవొద్దు. మీ పెద్దత్త ఇప్పుడే కదా బయల్దేరింది" అన్నాను.

ఆ పిల్ల బిందె కింద పెట్టి నావైపు బెదురుగా చూసింది. "ఎంతసేపు అత్తా?" అంది.

నాకు లెక్కలు రావని చెప్పాను.